ఫోను చెప్పే శాతం వెనుక ఏముంది? ఆక్యుబ్యాటరీ యాప్‌ను మూడు నెలలు వాడాక

మా నాన్నగారు సింగరేణిలో ఉద్యోగం చేసి రిటైరై కొత్తగూడెంలోనే ఉంటున్నారు. రోజూ రాత్రి ఏడున్నరకు డాలస్‌లో ఉన్న మా చెల్లెలితో వీడియో కాల్‌లో మాట్లాడకపోతే ఆయనకు అన్నం సయించదు. ఈ వేసవిలో ఆ కాల్స్ మధ్యలోనే ఆగిపోవడం మొదలైంది. మొదట నెట్‌వర్క్ సమస్య అనుకున్నాం కానీ ఆరిపోతున్నది ఫోనే అని తర్వాత తెలిసింది. "ముప్పై ఒకటి ఉందిరా, ఉండగానే ఆరిపోయింది. ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే మళ్ళీ ముప్పై చూపిస్తోంది" అని ఆయన చెప్పినప్పుడు, నాలుగేళ్ళు వాడిన ఫోను కాబట్టి బ్యాటరీ అయిపోయి ఉంటుందని నేనూ అందరిలాగే అన్నాను. అయితే అయిపోయిన బ్యాటరీ ముప్పై శాతం ఉన్నట్టు ఎందుకు చూపించాలి అన్న ఆయన ప్రశ్నకు మాత్రం నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

శాతం ఉండగానే ఫోను ఆరిపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. బ్యాటరీ లోపలి సెల్ అరిగిపోయి ఉండవచ్చు, లేదా సెల్ బాగానే ఉండి దానిలో ఎంత ఛార్జి మిగిలిందో లెక్కకట్టే భాగం దారి తప్పి ఉండవచ్చు. మొదటిదానికి వెయ్యికి పైగా ఖర్చవుతుంది, రెండోదానికి ఒక రాత్రి ఓపిక చాలు. పైకి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ రెంటిలో ఏదో తేల్చుకోవడానికి ఆక్యుబ్యాటరీ అనే ఆండ్రాయిడ్ యాప్‌ను పెట్టుకొని, నాన్నగారి ఫోనులోని పాత బ్యాటరీ మీద, ఆ తర్వాత వేయించిన రెండు కొత్త బ్యాటరీల మీద, పోల్చి చూడటానికి నా సొంత ఫోను మీద మొత్తం మూడు నెలలు పరీక్షించాను. ఈ సమీక్ష ఆ యాప్ గురించే అయినా, శాతం అనే అంకె ఎక్కడినుంచి వస్తుందో తెలియకుండా ఆ యాప్ చూపించేవాటిని చదవలేం కాబట్టి ముందు అది చెప్పాలి.

వంటింట్లోని సిలిండర్‌లో గ్యాస్ ఎంత మిగిలిందో చూపే ముల్లు ఉండదు. అందుకని ఇళ్ళలో రెండు పద్ధతులు పాటిస్తారు: సిలిండర్ పెట్టిన తేదీని క్యాలెండర్ మీద రాసుకొని రోజులు లెక్కపెట్టడం ఒకటి, అనుమానం వచ్చినప్పుడు దాన్ని కాస్త పైకెత్తి బరువు చూడటం ఇంకొకటి. ఫోను చేసేదీ ఇదే. ఫ్యూయల్ గేజ్ అని పిలిచే చిన్న చిప్పు బ్యాటరీలోకి వెళ్ళే కరెంటును, బయటికి వచ్చే కరెంటును క్షణక్షణం కూడుతూ తీసివేస్తూ ఉంటుంది. ఇది క్యాలెండర్ లెక్క. ఫోను పెద్దగా పని చేయకుండా ఉన్నప్పుడు వోల్టేజీని చూసి తన లెక్కను సరిదిద్దుకుంటుంది. ఇది ఎత్తి చూడటం. క్యాలెండర్ లెక్క తప్పేది ఎప్పుడంటే, సిలిండర్‌లో అసలు గ్యాసే తక్కువగా ఉందని మనకు తెలియనప్పుడు. నాలుగేళ్ళలో 5,000 ఎంఏహెచ్ (ఛార్జి పట్టే సామర్థ్యానికి కొలమానం) బ్యాటరీ 3,500కు కుంచించుకుపోయినా, చిప్పు మాత్రం ఇంకా 4,300 ఉందనే నమ్మకంతో లెక్కవేస్తుంటే, శాతం ఉండగానే ఫోను ఆరిపోవడంలో ఆశ్చర్యం లేదు.

మరి ఎత్తి చూసి సరిదిద్దుకోవచ్చు కదా అంటే, లిథియం సెల్‌తో వచ్చిన చిక్కే అది. నిండా ఉన్నప్పుడు 4.4 వోల్టుల దగ్గర, ఫోను ఆరిపోయే వేళకు 3.4 దగ్గర ఉండే ఈ వోల్టేజీ ఒక క్రమంలో దిగదు. 60 శాతం నుంచి 20 శాతానికి వచ్చేలోపు మారేది 0.2 వోల్టుకు మించదు. ఆ చివర మాత్రం ఒక్కసారిగా జారిపోతుంది. మధ్యలో ఉన్న ఆ చదునైన భాగంలో కొలత కొద్దిగా తప్పినా అంచనా పది పదిహేను శాతం అటూ ఇటూ అవుతుంది. తెర మీద కనిపించే "31" మీటరు చూసి చదివిన అంకె కాదు, లెక్కగట్టి చెప్పిన అంచనా. దశాంశ స్థానాలు లేకుండా అంత ధీమాగా చూపించడం వల్ల మనకు అది కొలతలా అనిపిస్తుందంతే.

ఇక యాప్ విషయానికి వస్తే, ఆక్యుబ్యాటరీలో ప్రధానంగా నాలుగు తెరలు ఉంటాయి: ఛార్జింగ్, డిశ్చార్జింగ్, హెల్త్, హిస్టరీ. ఛార్జింగ్ తెరలో బ్యాటరీలోకి ఎన్ని మిల్లీయాంపుల కరెంటు వెళ్తోందో, ఉష్ణోగ్రత ఎంతో, వోల్టేజీ ఎంతో కనిపిస్తాయి. డిశ్చార్జింగ్ తెర గంటకు ఎంత శాతం ఖర్చవుతోందో, తెర వెలిగి ఉన్నప్పుడూ ఆరి ఉన్నప్పుడూ వేర్వేరుగా చెబుతుంది. చాలామంది ఈ యాప్ వేసుకునేది మాత్రం హెల్త్ తెర కోసమే: బ్యాటరీ కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది, అది ఎంత శాతం అన్నది అక్కడ పెద్ద అక్షరాలతో ఉంటుంది. కొత్తలో ఎంత అన్నది యాప్ ఫోను నుంచి తీసుకుంటుంది, అది తప్పుగా ఉంటే మనమే మార్చుకోవచ్చు. నాన్నగారి ఫోనులో ఆ అంకె 5,000 అని సరిగ్గానే వచ్చింది.

యాప్ ఈ సామర్థ్యాన్ని లెక్కకట్టే పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. ఛార్జర్ పెట్టినప్పటి నుంచి తీసేదాకా లోపలికి వెళ్ళిన మొత్తం కరెంటును కూడి, ఆ సమయంలో శాతం ఎంత పెరిగిందో దానితో భాగించి, నూటికి ఎంతవుతుందో చూపుతుంది. నేను కొత్తగూడెం వెళ్ళిన మొదటి రోజు నాన్నగారి ఫోనును 62 నుంచి 80 శాతం దాకా ఛార్జ్ చేస్తే 794 ఎంఏహెచ్ వెళ్ళింది. అంటే బ్యాటరీ సామర్థ్యం సుమారు 4,410 అని యాప్ తేల్చింది. నాలుగేళ్ళ బ్యాటరీకి అది చాలా మంచి ఫలితం. సెల్ బాగుంది, లెక్కే తప్పింది అని సంబరపడి నాన్నగారికి చెప్పేశాను కూడా. మరునాడు రాత్రి 12 నుంచి 100 దాకా పెడితే వెళ్ళింది 3,098, సామర్థ్యం 3,520. ఒకే బ్యాటరీకి ఒక్క రోజు తేడాతో 88 శాతం ఆరోగ్యం, 70 శాతం ఆరోగ్యం అని రెండు రిపోర్టులు వచ్చాయి.

ఈ యాప్ బలహీనత అంతా ఈ రెండు అంకెల మధ్యనే ఉంది. మనం ఏ శాతాన్ని అనుమానించి యాప్ దగ్గరకు వచ్చామో, యాప్ తన భాగహారంలో అదే శాతాన్ని హారంగా పెట్టుకుంటోంది. మధ్యలోని చదునైన భాగంలో ఫోను ఐదు శాతం పొరబడితే, 18 శాతం పెరుగుదల అనుకున్నది నిజానికి 23 కావచ్చు, అప్పుడు ఫలితం ఐదో వంతుకు పైగా మారిపోతుంది. అదే తప్పు 12 నుంచి 100 దాకా సాగిన సెషన్‌లో (ఛార్జర్ పెట్టి తీసేదాకా ఒక సెషన్) జరిగితే ఫలితం మీద ప్రభావం స్వల్పం. అందువల్ల 15 కన్నా దిగువన మొదలై 100 దాకా సాగిన సెషన్లను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి, అవీ కనీసం మూడు నాలుగు జరగాలి. యాప్ అనేక సెషన్ల సగటు తీసి చూపిస్తుంది, పెద్ద సెషన్లకు ఎక్కువ విలువ ఇస్తుంది, కాబట్టి వారం పదిరోజుల్లో అంకె ఒక దగ్గర కుదురుకుంటుంది. వేసుకున్న గంటకే హెల్త్ తెర తీసి చూసి బ్యాటరీ మార్పించడానికి బయల్దేరేవారికీ, ఆ అంకె చూసి యాప్‌ను తిట్టి ఒక్క స్టార్ ఇచ్చేవారికీ ఈ సంగతి ముందే చెప్పేవారుంటే బాగుండేది.

ఇంకా రెండు చోట్ల జాగ్రత్త అవసరం. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే ఫోన్లలో చాలావాటికి వెనకాల పనిచేసే యాప్‌లను నిర్దాక్షిణ్యంగా ఆపేసే అలవాటు ఉంది. బ్యాటరీ పొదుపు నుంచి ఈ యాప్‌కు మినహాయింపు ఇవ్వకపోతే సగం సెషన్లు నమోదే కావు. మా నాన్నగారి ఫోనులో ఆ తర్వాతి రెండు రాత్రులు హిస్టరీ ఖాళీగా ఉండటానికి కారణం ఇదే అని ఆ మరుసటి రోజు తెలిసింది. రెండోది, బాగా వేగంగా ఛార్జ్ అయ్యే కొన్ని ఫోన్లలో బ్యాటరీ ఒక్కటిగా కనిపించినా లోపల రెండు సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి. అటువంటి ఫోను ఒక్క సెల్ లెక్కనే కరెంటును చెబితే యాప్‌లో సామర్థ్యం సగమే కనిపిస్తుంది. కొత్త ఫోనుకు 48 శాతం ఆరోగ్యం అని చూపిస్తే గుండెలు బాదుకోకుండా ముందు ఇది చూసుకోవాలి.

హెల్త్ తెర చెప్పలేనిది ఒకటుంది. 70 శాతం సామర్థ్యం ఉన్న బ్యాటరీ త్వరగా అయిపోవాలి గానీ 31 దగ్గర హఠాత్తుగా ఆరిపోనక్కరలేదు. దానికి కారణం సెల్ లోపలి నిరోధం. పాతబడే కొద్దీ ఈ నిరోధం పెరుగుతుంది, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే ఆ మేరకు వోల్టేజీ పడిపోతుంది. పల్లెటూళ్ళో మోటారు ఆన్ చేయగానే ఇంట్లో బల్బు మసకబారడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. యాప్‌లో ఈ పరీక్ష కోసం ప్రత్యేకంగా బటన్ ఏదీ లేదు కానీ, అది చూపించే కరెంటు, వోల్టేజీ అంకెలతో మనమే చేసుకోవచ్చు. ఫోను 30 శాతం దగ్గర ఉండగా తెర వెలుగు తగ్గించి, డేటా ఆపి, యాప్ తెరిచి ఒక నిమిషం ఆగాను: సుమారు 300 మిల్లీయాంపులు, 3.76 వోల్టులు. తర్వాత తెర వెలుగు పూర్తిగా పెంచి, టార్చ్ వెలిగించి, హాట్‌స్పాట్ ఆన్ చేసి నా ఫోనుతో ఒక పెద్ద ఫైలు దించడం మొదలుపెట్టాను: 1,400 మిల్లీయాంపులు, 3.43 వోల్టులు.

అంటే 1.1 ఆంపియర్ అదనంగా లాగేసరికి 0.33 వోల్టు పడిపోయింది, నిరోధం 0.3 ఓమ్. వినడానికి చిన్నదే. అయితే వీడియో కాల్‌లో కెమెరా, స్పీకరు, తెర, 4జీ అన్నీ ఒకేసారి పనిచేస్తున్నప్పుడు ఏ క్షణంలోనైనా రెండు ఆంపియర్ల దాకా లాగితే, వోల్టేజీ 3.25కు దిగిపోతుంది, ఫోను తన భాగాలను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. ఆరిపోయాక లాగే కరెంటు ఉండదు కాబట్టి వోల్టేజీ మళ్ళీ పైకి లేస్తుంది, ఆన్ చేయగానే చిప్పు దాన్ని చూసి ముప్పై అంటుంది. నాన్నగారి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది. ఫోను ఆయనకు పూర్తి అబద్ధం చెప్పలేదు. బ్యాటరీలో ఛార్జి ఉంది, దాన్ని ఒక్కసారిగా బయటికి ఇచ్చే శక్తి లేదు.

అయినా మార్పించే ముందు కాలిబ్రేషన్, అంటే బ్యాటరీని పూర్తిగా దించి నింపి చిప్పు లెక్కను సరిదిద్దడం కూడా చేసి చూశాను. ముందు వెనుక మూత ఎక్కడైనా పైకి లేచిందా అని చూసుకున్నాను, ఎందుకంటే ఉబ్బిన బ్యాటరీని పూర్తిగా దించడం, నింపడం ప్రమాదం. అక్కడ కాలిబ్రేషన్ మాటే ఎత్తకూడదు. మూత బాగానే ఉంది కాబట్టి ఫోనును దానంతటదే ఆరిపోయేదాకా వాడి, రెండు గంటలు పక్కన పెట్టి, ఆఫ్‌లో ఉండగానే ఛార్జ్ చేసి, 100 చూపించాక కూడా ఇంకో గంట ఉంచాను. ఫలితం నేను ఊహించినదానికన్నా స్పష్టంగా వచ్చింది. అంతకుముందు గంటకు పైగా 100 మీదే నిలబడి, 40 దగ్గరకు రాగానే పది నిమిషాల్లో 18కి జారే ఫోను, ఇప్పుడు మెట్టు మెట్టుగా దిగింది. ఆరిపోయే చోటు 31 నుంచి 14కు వచ్చింది. అయితే పొద్దున తీసిన ఛార్జర్ మధ్యాహ్నం రెండింటికల్లా మళ్ళీ పెట్టాల్సి రావడంలో ఏ మార్పూ లేదు, తర్వాతి పెద్ద సెషన్‌లో సామర్థ్యం 3,600 అని వచ్చింది. లెక్క సరయింది, సెల్ మాత్రం ముసలిదిగానే ఉండిపోయింది.

ప్లే స్టోర్‌లో బ్యాటరీ కాలిబ్రేషన్ పేరుతో ఒక్క బటన్ నొక్కితే చాలని చెప్పే యాప్‌లు ఇప్పటికీ కనిపిస్తాయి. వీటిలో చాలావాటి పుట్టుక, ఆండ్రాయిడ్‌లోని బ్యాటరీస్టాట్స్ అనే ఫైలును తుడిచేస్తే శాతం సరవుతుందన్న పాత నమ్మకంలో ఉంది. ఆ ఫైలులో ఉండేది ఏ యాప్ ఎంత వాడిందన్న చిట్టా మాత్రమేననీ, శాతం లెక్కకు దానికి సంబంధం లేదనీ, ఛార్జింగ్ బాగా నిండాక తీసినప్పుడల్లా అది దానంతటదే కొత్తగా మొదలవుతుందనీ ఆండ్రాయిడ్ ఇంజనీరు డయాన్ హాక్‌బోర్న్ 2012లోనే వివరించారు. ఆక్యుబ్యాటరీ ఇటువంటి మాయ ఏదీ చేస్తానని చెప్పదు. అది చూస్తుంది, రాసుకుంటుంది, చూపిస్తుంది, అంతే. నాకు దాని మీద నమ్మకం కలగడానికి ఇదీ ఒక కారణం.

ఫోను తీసుకొని హైదరాబాద్ వచ్చాక ముందు కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాను. ఆ మోడల్ బ్యాటరీ స్టాకులో లేదనీ, ఎప్పుడొస్తుందో చెప్పలేమనీ అన్నారు. అక్కడి నుంచి ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు. ఒక మనిషి పట్టేంత కౌంటర్, వేడి చేసే పలక, వరుసగా స్క్రూడ్రైవర్లు, బల్ల అద్దం కింద ఎవరివో విజిటింగ్ కార్డులు. కుర్రవాడు మూత విప్పడంలో, జిగురు కరిగించి బ్యాటరీని వంగకుండా తీయడంలో చూపించిన నైపుణ్యానికి నేను వంక పెట్టలేను. 1,100 రూపాయలకు ఒరిజినల్ అని చెప్పి వేసిన బ్యాటరీకి మాత్రం పెట్టాను. మన దేశంలో అమ్మే లిథియం బ్యాటరీలకు ఐఎస్ 16046 ప్రమాణం ప్రకారం బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ప్యాక్ మీద ఉండాలి, ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో వేసి తయారీదారు ఎవరో చూసుకోవచ్చు. దీని మీద నంబరైతే ఉంది కానీ యాప్‌లో దొరకలేదు. ఆ పని నేను బిగించకముందు చేయాల్సింది, ఇంటికి వచ్చాక చేశాను.

కొత్త బ్యాటరీ వేసిన మొదటి రోజుల్లో ఆక్యుబ్యాటరీ చెప్పేదాన్ని నమ్మకూడదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో లెక్కగట్టే చిప్పు బ్యాటరీలో కాక ఫోను బోర్డు మీద ఉంటుంది. దానికి ఇంకా పాత బ్యాటరీ అలవాట్లే గుర్తుంటాయి. కొత్త కోడలు వచ్చినా అత్తగారు పాత కోడలి పేరుతోనే పిలిచినట్టు, నాలుగు రోజులు అలా నడుస్తుంది. శాతం 60 నుంచి 72కు ఎగరడం, 100 దగ్గర చాలాసేపు ఆగడం ఈ దశలో మామూలే. అందుకని దుకాణదారు మీద తొందరపడి నింద వేయకుండా ఒకసారి పూర్తిగా దించి, నింపి, ఆ తర్వాత మూడు పెద్ద సెషన్లు చూశాను. 3,880, 3,940, 3,900 వచ్చాయి. ప్యాక్ మీద ముద్రించింది 5,000. సాధారణంగా ప్యాక్ మీద రెండు అంకెలు ఉంటాయి, ఒకటి కనీస సామర్థ్యం, రెండోది సగటు, పోల్చాల్సింది కనీసంతో. ఏ అంకెతో పోల్చినా వెయ్యి తక్కువ రావడానికి సాకు లేదు.

సెషన్ల స్క్రీన్‌షాట్లు పట్టుకొని మళ్ళీ వెళ్ళాను. యాప్‌లు ఏదో ఒకటి చెబుతాయి సార్ అన్నాడు కుర్రవాడు, అది పూర్తిగా తప్పు మాట కూడా కాదు. అయితే అదే యాప్, అదే ఫోను, అదే ఛార్జర్‌తో పాత బ్యాటరీకి 3,600 వచ్చింది, కొత్తదానికి 3,900 వచ్చింది అని చూపించేసరికి లోపల నుంచి పెద్దాయన వచ్చి రెండు నిమిషాలు చూసి, ఇంకో 400 తీసుకొని వేరే కంపెనీ ప్యాక్ వేశారు. దీని ఆర్ నంబరు నేను కౌంటర్ దగ్గరే చూసుకున్నాను, తయారీదారు పేరు వచ్చింది. కుదురుకున్నాక 8 నుంచి 100 దాకా 4,416 వెళ్ళింది, అంటే 4,800. టార్చ్ పరీక్షలో 3.80 నుంచి 3.70కి దిగి ఆగింది. ఈ యాప్ చూపించే అంకెలో అచ్చంగా నిజమెంత అన్నదానికన్నా, ఒకే ఫోనులో రెండు బ్యాటరీలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి అది ఎంత పనికొస్తుందో అప్పుడు నాకు తెలిసింది. కొలిచే తప్పు రెండింటికీ ఒకటే కాబట్టి తేడా మాత్రం నిజమైనదే.

ఇక్కడ ఒక చిన్న మాట. మార్కెట్‌లో ఛార్జర్‌కు, కేబుల్‌కు మధ్య పెట్టే యూఎస్‌బీ మీటర్లు దొరుకుతాయి. వాటిలో కనిపించే ఎంఏహెచ్‌ను బ్యాటరీ ఎంఏహెచ్‌తో నేరుగా పోల్చకూడదు, ఎందుకంటే మీటరు లెక్కించేది 5 వోల్టులు లేదా 9 వోల్టుల దగ్గర, బ్యాటరీ లెక్క 3.85 దగ్గర. పోల్చాలంటే వాట్ అవర్లలో (వోల్టేజీని కూడా కలిపి చెప్పే లెక్కలో) పోల్చాలి, అప్పుడు కూడా వేడిగా పోయే వాటా ఒకటి ఉంటుంది.

ఆక్యుబ్యాటరీ ఎక్కువగా ప్రచారం చేసుకునేది 80 శాతం దగ్గర మోగే అలారం గురించి. పై వోల్టేజీల దగ్గర సెల్ త్వరగా అరుగుతుందన్నది నిజమే కాబట్టి ఆలోచన మంచిది. ఒక్కో ఛార్జింగ్‌కు ఎంత అరుగుదల పడిందో యాప్ చూపించే అంకె కూడా ఆసక్తిగానే ఉంటుంది, అది కొలిచినది కాక లెక్కగట్టినదని గుర్తుపెట్టుకుంటే చాలు. ఆచరణలో మాత్రం ఈ అలారం రాత్రి పూట ఛార్జింగ్ పెట్టేవారికి శిక్ష. యాప్ మోగించగలదు గానీ ఛార్జింగ్‌ను ఆపలేదు. నాన్నగారు రెండు రాత్రులు ఒంటిగంటకు లేచి ప్లగ్గు పీకి, మూడో రోజు దాన్ని ఆపించారు. ఇప్పుడొచ్చే చాలా ఫోన్లలో 80 దగ్గర తానే ఆపేసే ఏర్పాటు సెట్టింగ్స్‌లోనే ఉంటోంది. అది ఉన్నవారికి ఈ అలారంతో పనిలేదు. నా దృష్టిలో ఈ యాప్‌లో అంతకన్నా విలువైన అంకె ఉష్ణోగ్రత. మే నెల కొత్తగూడెం మధ్యాహ్నం, నాన్నగారు ఫోనును దిండు మీద ఛార్జింగ్‌లో పెట్టి భజనలు వింటుంటే యాప్ 44 డిగ్రీలు చూపించింది. ఫోనును దిండు మీద నుంచి గచ్చు మీదకు మార్చి, వినడం ఆపితే అరగంటలో 37కు దిగింది. నాలుగేళ్ళలో ఆ సెల్ మూడో వంతు దాకా పోవడంలో 80, 100 తేడా కన్నా ఈ దిండు పాత్రే ఎక్కువని నా అనుమానం.

ఐఫోను ఉన్నవారికి ఈ యాప్ లేదు. వారికి 2018 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 11.3 నుంచి సెట్టింగ్స్‌లోనే బ్యాటరీ హెల్త్ కనిపిస్తోంది. పాత బ్యాటరీ ఉన్న ఫోన్లు హఠాత్తుగా ఆరిపోకుండా వాటి వేగాన్ని తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకోవాల్సి వచ్చిన తర్వాత తెచ్చిన సదుపాయం అది. అక్కడా అంకె అంచనాయే. 2021లో ఐఓఎస్ 14.5తో, ఐఫోన్ 11 శ్రేణిలో కొందరికి హెల్త్ తప్పుగా కనిపిస్తోందని ఆ కంపెనీయే కొత్తగా కాలిబ్రేషన్ చేసే ఏర్పాటు పంపింది. నేను టార్చ్‌తో చూసిన వోల్టేజీ పతనమే 2017 గొడవకు మూలమని తెలిశాక, ఆ గొడవను నేను ఇంకో కోణంలో చూడటం మొదలుపెట్టాను. ఫోను నెమ్మదించడం తప్పు కాదు, చెప్పకుండా నెమ్మదించడం తప్పు.

ఉచితంగా వాడితే ప్రకటనలు వస్తాయి, పాత సెషన్ల హిస్టరీ చూడాలంటే డబ్బు కట్టాలి. బ్యాటరీలను పోల్చే పని ఉన్నవారికి హిస్టరీయే ప్రాణం కాబట్టి నేను కట్టాను. ఒక్కసారి తన ఫోను ఆరోగ్యం చూసుకోవాలనుకునేవారు కట్టనక్కరలేదు, రెండు వారాలు ఉంచి తీసేయవచ్చు. వెనకాల నడుస్తున్నా దాని వల్ల ఛార్జి ఖర్చు నా ఫోనులో లెక్కలోకి వచ్చేంత కనిపించలేదు. హెల్త్ తెరలో మొదటి రోజే అంత పెద్ద అక్షరాలతో శాతం చూపకుండా, "ఇంకా మూడు పెద్ద సెషన్లు కావాలి" అని రాసి ఊరుకుంటే ఈ యాప్‌కు ఐదుకు ఐదు ఇచ్చేవాణ్ణి. ఇప్పటికి నాలుగు.

నాన్నగారి ఫోను ఇప్పుడు పొద్దున తీస్తే రాత్రి చెల్లెలి కాల్ అయ్యాక కూడా 35 దగ్గర ఉంటోంది. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా, రెండు కొనలకూ టేపు చుట్టి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వడానికి ఒక రేకు డబ్బాలో పెట్టి ఉంచాను. మొన్న ఫోన్ చేసి "నాలుగు శాతం దగ్గర ఆరిపోయిందిరా, సున్నా దాకా రాలేదు" అని ఆయన కొత్త ఫిర్యాదు చేశారు. దానికి మాత్రం మార్కెట్‌కు వెళ్ళదలచుకోలేదు.